బియ్యం డబ్బా అడుగున సేమియా

కోడేరు,
సోమవారం పొద్దున.

చెల్లెలు సరితకు అక్క కాంతమ్మ రాస్తున్నది.

మూడు రోజులు ముసురు పట్టి ఈ పొద్దున తెరిపిచ్చింది. పత్తి ఇంకా తడిగానే ఉంది, ఏరడానికి రావద్దని చేనువాళ్ళు కబురు పంపారు. మేకల కొట్టం ఊడ్చి, నానిన పొయ్యి కట్టెలు ఎండకు వేసి కూర్చున్నాను. దేవుని దయతో ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. నువ్వూ అట్లాగే ఉన్నావని నమ్ముతున్నాను. ఫోన్లో మాట్లాడితే నాయిన పక్కనే కూర్చుంటాడు, అందుకే కాగితం. తిమ్మమ్మ సెలవు అయిపోయి రేపు కువైట్‌కు బయలుదేరుతోంది, ఆమె చేతికిస్తాను.

నువ్వు అడిగినవి చెబుతాను. ఇంటి రేకులు మార్పించాం, ఇప్పుడు కురవడం లేదు. నల్ల మేక రెండు పిల్లలు వేసింది. తిమ్మమ్మ తెచ్చిన సంచి అందింది. అందులో తెల్ల సేమియా పొట్లం, చేసే పద్ధతి రాసిన కాగితం ఉన్నాయి. "పోయినసారి పొట్లం ఎలుకలు కొట్టాయన్నావు కదా అక్కా, ఆతే జాయ్ ఇంకొకటి కొనిచ్చింది" అని రాశావు.

వాళ్ళ ఫిలిప్పీన్స్ భాషలో ఆతే అంటే అక్క అని వేసవిలో వచ్చినప్పుడు నువ్వే చెప్పావు. నువ్వు పనిచేసే ఇంట్లోనే ఆమె వంట చేస్తుందని, నీకు జ్వరమొస్తే గంజి కాచి పోసిందని చెప్పావు. మంచిదే. అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్ళు. అప్పటినుంచి నీ జడ నేనే వేశాను. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పుకోలేదు.

మే నెలలో చర్చి ప్రేమవిందు గుర్తుందా. ఇంటికొక గిన్నె తేవాలి. పదహారేళ్ళుగా మన ఇంటి గిన్నె అంటే నా బగార అన్నమే. ఆ రోజు నువ్వు ఆతే జాయ్ వంటలు చేశావు. సేమియా నానబెట్టి, కోడిమాంసం, క్యాబేజీ, సోయా సాసు వేసి పాన్సిత్ అన్నావు. మైదా రేకుల్లో కైమా పెట్టి బీడీల్లా చుట్టి వేయించి లుంపియా అన్నావు. పిల్లలు గిన్నె గీకి తిన్నారు. నువ్వు ఫోన్ పట్టుకుని తిరుగుతూ, "మా ఆతే నేర్పింది" అని అందరికీ ఆమెను చూపించావు. ఆమె చేయి ఊపింది. పెంటయ్య మామ నా గిన్నె మూత తీసి చూశాడు.

"ఏం కాంతమ్మా, నీ బగార ఎవ్వరు ముట్టలే. ఇంటికి తీస్కపో, రేపు పొద్దుగాల చద్దన్నమైతది."

"పండ్లు లేనోనివి, నీకేం తెలుస్తది మామా రుచి" అన్నాను.

అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. రాత్రికి నేనూ నాయినా అదే తిన్నాం.

ఇప్పుడు అసలు మాట. నువ్వు తెచ్చిన రెండో పొట్లాన్ని ఎలుకలు కొట్టలేదు. చిన్నాయన బిడ్డ వసంత పెళ్ళిచూపులకు మళ్ళీ పాన్సిత్ చేస్తానన్నావు. ఆ పొద్దున నేనే దాన్ని బియ్యం డబ్బా అడుగున పెట్టాను. నువ్వు వెతుకుతుంటే పక్కన నిలబడి ఎలుకల మాట చెప్పాను.

నిన్న మళ్ళీ ప్రేమవిందు. ఆ పాత పొట్లం బయటికి తీశాను. నీ కాగితం ఎదురుగానే ఉంది. అది బియ్యప్పిండి సేమియా అని, ఉడికించకుండా నానబెట్టాలని రాశావు. చదివాను. ఆమె చెప్పినట్టు చేయబుద్ధి కాలేదు. మన సేమియాలాగే పాలు, బెల్లం వేసి పాయసం పెట్టాను. పాలు విరిగాయి, సేమియా ముద్దయింది. అయినా పంతానికి తీసుకుపోయాను.

పెంటయ్య మామ గరిటె పెట్టి లేపితే గరిటెతో పాటు గిన్నె లేచింది.

"ఏంది కాంతమ్మా గిది, ఎలక్షన్ల పోస్టర్లు అంటిపెట్టనీకా?"

"నీ నోరు అంటిపెట్టనీకి" అన్నాను గాని నాకు నవ్వు రాలేదు. తిమ్మమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"సరిత పంపినదాన్ని గిట్ల చేసినవేంది అక్కా? పోయినంక ఆమెకు చెప్పాల్నా?"

"నేనే చెప్త" అన్నాను.

ఇంకొకటి ఉంది. జనవరితో ఆ ఇంట్లో నీ గడువు అయిపోతుందని, ఆతే జాయ్ వేరే ఇంటికి మారుతూ నిన్నూ రమ్మంటోందని, పోతే ఇంకో రెండేళ్ళని, ఏం చేయమంటావు అక్కా అని అడిగావు. నిన్న సాయంత్రం దానికి జవాబు రాశాను. నాయినకు కాళ్ళు సరిగా లేవు, చేతికర్ర లేనిదే అడుగు వేయడం లేదు, వచ్చేయి అని రాశాను. నాయినకు ఏమీ కాలేదు. ఆ కాగితాన్ని ఈ పొద్దున పొయ్యిలో పెట్టాను. ఆమె వెంట పొమ్మని చెప్పే మనసు నాకు లేదు. రమ్మని అబద్ధం చెప్పను. నీ ఇష్టం ఎట్లా ఉంటే అట్లా చేయి.

శుక్రవారాలు ఆతే జాయ్ దేశంవాళ్ళంతా తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తింటారని, నువ్వు వట్టి చేతులతో పోతున్నావని రాశావు. ఈసారి బగార చేసుకుపో. మసాలా నూరి తిమ్మమ్మ సంచిలో పెట్టాను. ఎవరు నేర్పారని అడిగితే చెప్పు. ఆమె అడగకపోయినా చెప్పు.

ఇట్లు,
నీ జడ వేసిన అక్క,
కాంతమ్మ.

నాయిన ఎనిమిదిన్నరకు మేకలను తోలుకుని గుట్ట వైపు వెళ్ళాడు. చేతికర్ర ఇంట్లోనే ఉంది.