రాములమ్మ విసుర్రాయి వయసు

నవంబర్ 2, ఆదివారం

పుంగనూరులో నా ఫ్రీ స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు. ఇంగ్లీష్ నేర్పుతాను, ఇంగ్లీష్ పెత్తనాన్ని తిడతాను. రెండూ అవసరమే. ఈ రోజు పాఠం, వస్తువు వయసు చెప్పే మాటలు. బ్రాండ్ న్యూ, సెకండ్ హ్యాండ్, వోర్న్ అవుట్, యాంటిక్. బోర్డు మీద రాస్తుంటేనే ఒళ్ళు మండింది. పేదోళ్ళ ఇంట్లో ఉంటే వోర్న్ అవుట్. అదే బెంగళూరు హోటల్లో లైటు కింద పెడితే యాంటిక్! వయసు వస్తువుదా, ఇంటిదా?

చీరల షాపులో పనిచేసే మునిలక్ష్మి చెయ్యెత్తింది. వాళ్ళమ్మ విసుర్రాయిని కుప్పం పాతసామాన్ల వ్యాపారి జయచంద్ర అడుగుతున్నాడట. అరిగిపోయిన రాయి, ఊరికే ఇచ్చినట్టు ఇచ్చేయమంటున్నాడట.

నవంబర్ 5

మునిలక్ష్మి ఫోన్. వాళ్ళమ్మ రాములమ్మకు భుజం పట్టేసింది. కొప్పు కూడా పక్కింటావిడే ముడవాలి. రాయి అమ్మి చిన్న పిండి మిషన్ కొనివ్వాలని కూతురి ఆశ. అమ్మ మాత్రం ఔననదు, కాదనదు. నేనొస్తున్నానన్నాను.

నవంబర్ 9, ఆదివారం

మా మదనపల్లె నుంచి కుప్పం బస్సు, అక్కణ్ణుంచి రామకుప్పం వైపు రాములమ్మ ఊరికి ఆటో. జయచంద్ర ముందే వచ్చి కూర్చున్నాడు. పాత రాయి మేడం, ఇందులో ఏముండాది అన్నాడు. మునిలక్ష్మి అతని వాట్సాప్ స్టేటస్ తీసింది. అచ్చం అలాంటి రాయే. కింద రేర్, వింటేజ్ అని రాసుంది. యువర్ స్టోన్ వింటేజ్, మై మదర్స్ స్టోన్ వోర్న్ అవుట్, హౌ? అని నిలదీసింది. మిగతాది నేనందుకున్నాను. అరగంట. చివరికి, సాలు తల్లీ, యాంటిక్ రేటే ఇస్తా, వచ్చే ఆదివారం టెంపో తెస్తా అన్నాడు.

గెలిచాం! రాములమ్మ అందరికీ కాఫీ ఇచ్చింది.

నవంబర్ 12

ఇవాళ ఎవరితోనూ గొడవ పడలేదు.

నవంబర్ 16, ఆదివారం

టెంపో దిగిన జయచంద్ర రాయిని చూసి నెత్తి పట్టుకున్నాడు. రాములమ్మ నిన్న రాళ్ళు కొట్టే మనిషిని పిలిపించి రెండు పలకలకూ కొత్త గాట్లు కొట్టించింది. అంచులు కూడా చెక్కించింది. మా ఇంట్లోంచి మొద్దు రాయి పోతే నలుగురూ నగరా అంది.

ఎంత పని చేస్తివి పెద్దమ్మా, పాతదనమంతా చెక్కించేస్తివే, దీన్ని యాడ అమ్మేది నేను, అని జయచంద్ర మొత్తుకున్నాడు. యాల అరస్తావప్పా, కొత్తదానికైతే ఇంకొంచెం ఎక్కువే ఇయ్యాల గదా అంది రాములమ్మ. జయచంద్రకే నవ్వాగలేదు. టెంపో ఖాళీగా పోయింది.

మునిలక్ష్మి మొహం చిన్నబోయింది. నాకు కోపం రావాలి. ఎవరి మీద? ఈలోగా రాములమ్మ రాగులు పోసి కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టింది. పిడి ఇద్దరూ పట్టుకున్నారు. మొద్దు రాయిని తిప్పీ తిప్పీ భుజం పాయె, ఇప్పుడు సూడు, ఏలు పెడితే తిరగతాండాది అంది. మరి ఇన్నాళ్ళూ యాల కొట్టించలేదమ్మా అని కూతురు అరిచింది. నాకోసరమైతే ఎవురు కొట్టిస్తారే అంది.

మధ్యాహ్నం అక్కడే తిన్నాను. సంగటి రెండుసార్లు పెట్టించుకున్నాను.

నవంబర్ 30, ఆదివారం

క్లాసుకు మునిలక్ష్మి రాగిపిండి తెచ్చింది. వాళ్ళమ్మ తన కొప్పు తనే ముడుచుకుందట.