బకిళ్ళన్నీ ఒకవైపే

కవర్లు కుట్టే మేస్త్రీ గారికి,

నమస్కారం. బోటు కవరు ఇంటి దగ్గర కప్పి ఉంచడానికా, బండి వెనక లాక్కెళ్ళడానికా అని ఫోన్లో అడిగితే తడబడ్డాను. లాక్కెళ్ళడానికే. మీరు చెప్పిన మందపాటి గుడ్డే వాడండి. దిండు గలీబులా వదులుగా మాత్రం కుట్టకండి. పాత కవరు చిరిగి గాలికి టపటపా కొట్టుకుంటుంటే, దారిన పోయేవాళ్ళంతా నన్నే చూస్తున్నారు.

టేపు రెండో కొస ఎవరినైనా పట్టుకోమనండి అన్నారు. బోటు ముక్కుకి బట్టల క్లిప్పుతో బిగించి నేనే కొలిచాను. అది ఊడి ఒకసారి మొహాన కొట్టింది గానీ, కొలతలు సరైనవే. అనుమానపడకండి.

"బోటు నీళ్ళలో ఉన్నంతసేపు కవరు పెట్టుకోడానికి సంచీ కుట్టనా అమ్మా?" అనీ అడిగారు. సంచీ వద్దు. బోటు దింపడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఆదివారం రేవు దాకా లాక్కెళ్ళి, బండిలోనే కూర్చుని, ఫ్లాస్కులో టీ తాగి వచ్చేస్తాను. నవ్వొస్తే నవ్వుకోండి.

ఒక్క సంగతి మరిచిపోవద్దు. ఇన్నాళ్ళూ నేను ఇటునుంచి బోటు మీదుగా కవరు బిగించే పట్టీ విసిరితే, ఆయన అటునుంచి పట్టుకుని "అందిందోయ్!" అని అరిచేవారు. మొన్న అలవాటు కొద్దీ విసిరేసి, ఆ కేక కోసం నిలబడిపోయాను. వాన మొదలయ్యాక గానీ కదల్లేదు.

అందుకని పట్టీలు అటువైపు గట్టిగా కుట్టేసి, బకిళ్ళన్నీ ఇటే, నా చేతికి అందేలా పెట్టండి.

ఇట్లు,
నీలం బోటాయన భార్య