అవ్వ ఉడకబెట్టిన కాఫీ గింజలు

బాపూ,

నీ సంవత్సరీకానికి అరకు నుంచి సోములు వచ్చాడు. అదే, రైతుల సభలో నీకు దోస్తయిన కాఫీ రైతు. ఇప్పుడు వాళ్ల చిన్న రైతుల సంఘం కాఫీ పట్నాల దాకా పోతోందట. సంచెడు పచ్చి గింజలు మనకు తెచ్చాడు. అవ్వ వాటిని మన చేని పసుపు కొమ్ముల్లాగే కడాయిలో ఉడకబెట్టి ఎండబోసింది.

"అయ్యో, వేయించాలమ్మా!" అని సోములు తల పట్టుకున్నాడు.

"ఉడకవెట్టకుంటే రంగెట్లొస్తది? పసుపోళ్లకే చెప్తున్నవా?" అంది అవ్వ.

సోములు నవ్వాడు. "నేను గింజలు పంపినప్పుడు మీ ఆయనా చేను దగ్గర ఉడకబెట్టే తాగారట. అంత మంచి కాఫీ ఎన్నడూ తాగలేదని ఉత్తరం రాశారు."

"నేను కాచిన చాయకైతే రోజూ వంకలు పెడ్తుండె!" అని అవ్వ మండిపడింది.

తర్వాత చాయ కాచి నీ ఫోటో ముందు పెట్టింది. వంక పెడతావేమోనని చాలాసేపు అక్కడే నిలబడింది.