పాల దిమ్మె దగ్గర మలుపు

కార్వెల్, టాస్మానియా
మార్చి 9, ఆదివారం

ఒరేయ్ క్లైడ్,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రెండుసార్లు మొదలుపెట్టి, ఆ కాగితాలతోనే పొయ్యి వెలిగించాను. అక్కడ క్వీన్స్‌లాండ్ ఎండలో కాళ్ళు చాపుకుని కూర్చున్నవాడికి ఇక్కడి గొడవ దేనికి అనిపించింది. కానీ గొడవ నీ గురించే. అందుకని మూడోసారి కూర్చున్నాను.

మన పరుగుల క్లబ్బుకి ఒక కొత్త మనిషి వచ్చింది. రొవీనా అని, నలభై ఏళ్ళుంటాయి, బడిలో లెక్కలు చెబుతుంది. చేరిన మూడో వారానికే, పరుగు అయ్యాక కప్పులు కడుగుతానని తనే ముందుకొచ్చింది. కప్పులు కడగడానికి తనంతట తాను ముందుకొచ్చే మనిషిని నేను నమ్మను. మన క్లబ్బు చరిత్రలో అలాంటివాళ్ళు ఇద్దరే. ఒకడు పాస్టరు, రెండోవాడు మన కెటిల్ ఎత్తుకుపోయాడు. క్లబ్బుకి ఈ ఏడు యాభై ఏళ్ళు నిండుతున్నాయి కదా, చిన్న పుస్తకం వేస్తున్నారు. ఆ పని కూడా ఈవిడే పట్టింది. అక్కడే నా అనుమానం మొదలైంది.

మొన్న బుధవారం నది పక్క రోడ్డులో నడుస్తుంటే ఎదురుగా టిక్కు టిక్కుమని చప్పుడు. చూస్తే ఈవిడ. కర్ర చివర చక్రం బిగించిన కొలత సామాను తోసుకుంటూ వస్తోంది.

"ఏం కొలుస్తున్నావమ్మా?" అన్నాను.

"మన పది కిలోమీటర్ల రోడ్డు, ఆల్బీగారూ."

"రోడ్డు ఎక్కడికీ పోదులే."

"రోడ్డు పోదండీ. మలుపులే జరుగుతుంటాయి."

ఆ మాట నవ్వుతూనే అంది. ఆ తర్వాత జేబులోంచి ఒక ఫోటో తీసింది. ఎనభై నాలుగులో నువ్వు రికార్డు పెట్టిన రోజుదిరా. నువ్వు మలుపుకి గుర్తుగా పెట్టిన కోన్ చుట్టూ తిరుగుతున్నావు, ఒక కాలు గాల్లో ఉంది, మొహం నిమ్మకాయ కొరికినట్టుంది. నీ వెనకాల కాంక్రీటు దిమ్మె.

"ఇదేంటండీ?"

"పాల డబ్బాలు పెట్టేవాళ్ళు. లారీ వచ్చి తీసుకెళ్ళేది. ఎప్పుడో పగలగొట్టేశారు."

"ఎక్కడుండేదో గుర్తుందా?"

"లేదు," అన్నాను.

ఆ ఫోటో ఈవిడ చేతికి ఎలా వచ్చింది? క్లబ్బు పాత ఫోటోలన్నీ డాట్ దగ్గర బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. డాట్‌ని ఎవరు తప్పుపడతారు? ముప్పై ఏళ్ళుగా మనందరికీ టీ పోస్తోంది. కానీ ఎక్కడ నిలబడి పోస్తోందో గుర్తు చేసుకో. సరిగ్గా షెడ్డులో ఆ రికార్డుల బోర్డు కింద. బోర్డు మీద పది కిలోమీటర్లకి ఒకటే పేరు, బంగారు అక్షరాలతో నీది, ముప్పైయొక్క నిమిషాల నలభై సెకన్లు. డాట్ వాళ్ళాయన ఐవో తొంభైలో ముప్పైయొక్క నిమిషాల యాభై రెండు సెకన్లలో వచ్చాడు. పన్నెండు సెకన్ల తేడాతో బోర్డెక్కలేదు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు డాట్ ఒక లెక్కల పంతులమ్మని పట్టుకుని నీ పేరు చెరిపించాలని చూస్తోందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

నువ్వేం బెంగపడకు. నేనున్నానుగా.

నీ,
ఆల్బీ


మార్చి 16

క్లైడ్,

నీ జవాబు కోసం ఆగలేదు. నిన్న తేల్చుకుందామని పరుగుకి గంట ముందే క్లబ్బు షెడ్డుకి వెళ్ళాను. డాట్ ఒక్కతే ఉంది, స్కోన్ రొట్టెలకి వెన్న రాస్తోంది. డొంకతిరుగుడు లేకుండా అడుగుదామనే వెళ్ళాను, కానీ నా సంగతి నీకు తెలుసు. ముందు వాన గురించి, తర్వాత వెన్న గురించి మాట్లాడాను. గ్రంథాలయంలో విజ్ఞాన సర్వస్వం నాలుగు సంపుటాలు చదివినవాడికి వెన్న గురించి చెప్పడానికి చాలా ఉంటుంది.

"ఆల్బీ," అంది డాట్, "నువ్వు దేనికో వచ్చావు. అదేదో కక్కేసి కుర్చీలు వెయ్యి."

"రొవీనాకి ఎనభై నాలుగు ఫోటో ఎవరిచ్చారు?"

"నాకేం తెలుసు? నేనివ్వలేదు."

"ఫోటోల డబ్బా నీ దగ్గరే కదా?"

"ఆ డబ్బా తెరిచి ఆరేళ్ళయింది నాయనా. ఏ ఫోటో తీసినా ఐవో ఉంటాడు. ఎందుకొచ్చిన గోల అని బీరువా మీదకి నెట్టేశాను." కత్తి పక్కన పెట్టి నా మొహం చూసింది. "పోలీసులా అడుగుతున్నావేంటి? నువ్వేమైనా చేశావా?"

నేను కుర్చీలు వేశాను. ఆవిడ మాట నమ్మలేదు. ఇంటికొచ్చి టోపీ తీయకుండానే కూర్చుని ఆలోచించాను. నమ్మకపోవడానికి కారణం ఆవిడ కాదురా, నేను. నేను చేసింది ఎవరో ఒకరు ఎప్పుడో కనిపెడతారని నలభై ఒక్క ఏళ్ళుగా ప్రతి మొహంలోనూ వెతుకుతున్నాను. పంతులమ్మ కాకపోతే ఇంకొకరు.

ఇప్పుడు విను. సగం దూరం పరిగెత్తి వెనక్కి తిరిగే మన మలుపు ఎప్పుడూ వంతెన దగ్గరే. అందరికంటే ముందు సైకిలు మీద వెళ్ళి, అక్కడ కోన్ పెట్టి, పక్కన నిలబడి, వచ్చినవాళ్ళ నంబర్లు రాసుకోవడం నా పని. పరిగెత్తడం నాకెప్పుడూ చేతకాలేదు. క్లబ్బులో నాకంటూ ఉన్నది ఆ మలుపే. ఆ రోజు వెళ్ళేసరికి వంతెన పక్క గ్లీసన్‌వాళ్ళ పొలం గేటు తెరిచి ఉంది. వాళ్ళ ఎర్ర ఎద్దు వంతెన మొదట్లో రోడ్డుకి అడ్డంగా నిలబడి నన్నే చూస్తోంది. ఎద్దులు ఎరుపు రంగు చూస్తే రెచ్చిపోతాయంటారు, నిజం కాదు, వాటికి ఎరుపు తెలియదని చదివాను. అప్పటికింకా చదవలేదు, ఒంటి మీద ఎర్ర జెర్సీ ఉంది. వెనక్కి వచ్చేశాను. వంద మీటర్లు వెనక్కి వచ్చి, పాల దిమ్మె దగ్గర కోన్ పెట్టాను. ఎద్దు పోగానే ముందుకి జరుపుదాం అనుకున్నాను. అది పోయేలోపే నువ్వు వచ్చేశావు. నిన్ను తిప్పాక మిగతావాళ్ళని ఇంకో చోట ఎలా తిప్పను? అందరినీ అక్కడే తిప్పాను.

పోతూ వంద, వస్తూ వంద. రెండు వందల మీటర్లు తక్కువ పరిగెత్తావురా నువ్వు. నీ వేగం లెక్కన నలభై సెకన్లకి కాస్త తక్కువ.

చెబుదామనే వచ్చాను. వచ్చేసరికి నిన్ను భుజాల మీద ఎత్తారు. నువ్వు ఏడుస్తున్నావు. సోమవారం చెబుదాం అనుకున్నాను. ఆ సోమవారం ఇంకా రాలేదు. ఆ రోజు పరిగెత్తిన ప్రతివాడూ తన జీవితంలోకెల్లా బాగా పరిగెత్తాడు. ఒక్కడికీ అనుమానం రాలేదు. టైము బాగా రాకపోతే గడియారాన్ని, రోడ్డుని, గాలిని తిడతారు కానీ, బాగా వచ్చినప్పుడు పరుగుల మనుషులు ఎవర్నీ ఏమీ అడగరు.

ఇది నీకు ముందు చెప్పాలనిపించింది. ఏం చెయ్యమంటావో రాయి. నోరు మూసుకోమంటే మూసుకుంటాను. అలవాటే.

ఆల్బీ


బండబెర్గ్, క్వీన్స్‌లాండ్
మార్చి 24

ఆల్బీ,

నీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు అందాయి. ఒక కప్పు టీతో రెండూ చదివాను, టీ చల్లారిపోయింది.

డాట్‌ని వదిలెయ్. ఆ ఫోటో పంపింది నేను.

నాలుగు దశాబ్దాలుగా అది మా గోడ మీద ఉంది. మొదటి ఏడాది నన్ను నేనే చూసుకునేవాణ్ణి. ఆ తర్వాత ఎప్పుడో నా వెనక ఉన్నది చూశాను. వంతెన దగ్గర పాల దిమ్మె ఎక్కడిదిరా? అంతకుముందు నుంచే మనసులో ముల్లు ఉండేది. ఆ రోజు కసాయి బెర్నీ కూడా నలభై సెకన్లు మెరుగుపడ్డాడు. ఆ వారమంతా వాడు తిన్నది సాసేజీలు, తాగింది బీరు.

నిన్నే అడిగి ఉండొచ్చు. అడిగితే నువ్వు అబద్ధం చెప్పేవాడివి, నేను నమ్మినట్టు ఉండేవాణ్ణి, ఆ తర్వాత ఇద్దరం ఒకరికొకరు మిగిలేవాళ్ళం కాదు. అందుకే అడగలేదు. కానీ ఇప్పుడు పుస్తకం వేస్తామని ఆ పంతులమ్మ ఫోన్ చేసింది. ఆ రికార్డు అచ్చులో పడితే నేను పోయాక కూడా ఉంటుంది. ఫోటో పంపి, ఈ దిమ్మె ఎక్కడుండేదో కొలిచి చెప్పమ్మా, ఎవరు పంపారో మాత్రం చెప్పకు అన్నాను.

ఐవో అంత్యక్రియలకి నేను రాలేదు, గుర్తుందా? కాళ్ళ నొప్పులని రాశాను. కాళ్ళకేమీ కాలేదు. డాట్ మొహం చూడలేక రాలేదు.

నా పేరు తీసెయ్యమని కమిటీకి రాశాను, ఈ ఉత్తరంతో పాటే పోస్టులో వేస్తున్నాను. ఎందుకో మాత్రం రాయలేదు. అది చెప్పాల్సింది నువ్వు. ముందు డాట్‌కి చెప్పు. వాన గురించి మొదలుపెట్టకు.

క్లైడ్


కార్వెల్
ఏప్రిల్ 6

క్లైడ్,

నువ్వు చెప్పినట్టే వాన గురించి మొదలుపెట్టలేదు. నిన్న పరుగుకి ముందు షెడ్డులో డాట్ టీ బాయిలర్‌లో నీళ్ళు పోస్తుంటే మొత్తం చెప్పేశాను. గేటు, ఎద్దు, దిమ్మె, ఆ సోమవారం. ఎంతసేపు పట్టిందంటావు? రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అంత చిన్న సంగతిని ఇన్నేళ్ళు ఎలా మోశానో నాకే తెలియదు.

డాట్ చేతిలో జగ్గు అలాగే పట్టుకుంది. "ఎద్దుకి భయపడ్డావా?" అంది.

"అవును."

"నీ తప్పేం లేదు. ఆ ఎద్దుకి నేనూ భయపడేదాన్ని." బాయిలర్ మూత పెట్టింది. "పన్నెండు సెకన్లు డాట్, పన్నెండే అనేవాడు ఐవో. తొంభై ఒకటి, తొంభై రెండు, ఆ రెండు చలికాలాలూ పొద్దున్నే లేచి ఆ పన్నెండు సెకన్ల కోసం పరిగెత్తాడు. మోకాలు పోగొట్టుకున్నాడు. నువ్వు ఆదివారాలు మా ఇంటికొచ్చి భోంచేసేవాడివి ఆల్బీ. ఆయన ఆ మోకాలు కుర్చీ మీద పెట్టుకుని కూర్చుంటే, నువ్వు పక్కన కూర్చుని మాంసం వడ్డించుకునేవాడివి."

"అవును."

"అప్పుడు కూడా ఎద్దు ఉందా?"

ఆవిడ జగ్గు నింపడానికి వెళ్ళిపోయింది.

కమిటీ పరుగుకి ముందే కూర్చుంది. నీ ఉత్తరం చదివారు, రొవీనా దిమ్మె నుంచి వంతెనకి తాను కొలిచిన లెక్క చెప్పింది, నేను నా మాట చెప్పాను. బోర్డు మీద ఐవో పేరు రాయించాలని తేల్చారు. నీ పేరు ఎందుకు తీసేశారో పుస్తకంలో వేయాలా అంటే, డాట్ "ఎద్దు సంగతి వేయండి, తక్కినది వద్దు" అంది. ఎవరి కోసం అలా అందో నాకింకా అర్థం కాలేదు. నా కోసం అయితే కాదనుకుంటాను.

ఇక నన్ను మలుపు దగ్గర నిలబెట్టొద్దని నేనే చెప్పాను. కాదంటారేమోనని కాస్త ఆగాను కూడా. ఎవరూ కాదనలేదు. కోన్ రొవీనా తీసుకెళ్ళింది.

నాకు ముగింపు గీత దగ్గర, వచ్చినవాళ్ళకి వరుస నంబరు బిళ్ళలు పంచే పని ఇచ్చారు. చినుకులు పడ్డాయి. ముప్పై ఏడు మంది వచ్చారు. ముప్పై ఏడు బిళ్ళలు ఇచ్చాను.

ఆల్బీ