మరమ్మతుకు నెల్లాళ్ళు

తమ్ముడూ,

మీ యజమాని జీవితచరిత్ర పంపి, "చదువన్నయ్యా, నీ నోరు మూతపడుతుంది" అన్నావు. చదివాను, ఇంకా పెద్దగా తెరుచుకుంది. దేశదేశాల్లో మూలపడ్డ ఉక్కు మిల్లుల్ని కారుచౌకగా కొని బతికించాడట, మనవాడట! చంపిన మిల్లుల ఊసు ఒక్క పేజీలోనైనా ఉందా?

ఇప్పుడు మీ మిల్లులో ఇనుము కరిగించే ఫర్నేస్‌ని "మరమ్మతుకు నెల్లాళ్ళు" ఆర్పుతానంటే, యూనియన్ కార్యదర్శివై ఉండి తలూపుతావా? చల్లారితే లోపలి ఇనుము గడ్డకడుతుందనీ, మళ్ళీ వెలిగించడం కన్నా తుక్కుకింద అమ్మడమే లాభమనీ నాకు చెప్పింది నువ్వే కదరా! ఉక్కుతోనే కోట్లు గడించినవాడికి ఆమాత్రం తెలియదూ? వేలమంది ఇళ్ళలో పొయ్యి వెలిగేది ఆ మంటతోనే.

ఆర్పడానికి ఒప్పుకునే ఆ ఒప్పందం మీద సంతకం పెట్టకు. పెట్టేశావా, ఆ పుస్తకాన్నీ ఈ ఉత్తరాన్నీ కలిపి ఫర్నేస్‌లోనే పడెయ్. వేడి ఉండగానే వెళ్ళు.

నీ అన్నయ్య