యాక్సిలేటరు కింద నా బొటనవేలు

ప్రొద్దుటూరు,
12-8-1958.

కడప జిల్లా మోటారు బండ్ల పెద్ద అధికారి గారి సముఖమునకు,
ప్రొద్దుటూరు – జమ్మలమడుగు – పులివెందుల సర్వీసు బస్సు డ్రైవరు మునెయ్య వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: జమ్మలమడుగు బస్టాండు ప్రమాదమునకు డ్రైవరు ఖాదర్ బాధ్యుడు కాడనియు, అతని లైసెన్సు తిరిగి ఇప్పించవలెననియు, అసలు సంగతి నేను దాచితిననియు.

1. సదరు బస్సును ఆరేండ్లుగా నేనే తోలుచున్నాను. రెండేండ్ల కిందట యాక్సిలేటరు పెడలును పైకి లాగే స్ప్రింగు సాగిపోయినది. అది మొదలు తొక్కిన పెడలు ఒక్కోసారి లేవదు. కాలు తీసినా బండి ఉరుకుతూనే ఉంటుంది.

2. యజమానికి రెండుమార్లు విన్నవించితిని. "నువ్వు తోల్తానే ఉండావు గదప్పా, ఇంగ స్ప్రింగుతో పనేంది?" అన్నారు. నేనూ ఊరకుంటిని. చెప్పులు విడిచి తోలడం నా అలవాటు. పెడలు పట్టేసినప్పుడల్లా బొటనవేలు కింద దూర్చి పైకెత్తడం నేర్చుకొన్నాను. "ఈ బండి మునెయ్య మాట తప్ప వినదు" అని స్టాండులో నలుగురూ అంటుంటే మీసం దువ్వుకొన్న మాట వాస్తవము.

3. గత ఏప్రిల్‌లో మా బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించుటకు బ్రహ్మంగారిమఠం పోవుచు, మూడు దినములకు బండిని ఖాదర్‌కు అప్పగించితిని. "మామా, దీంతో ఏమన్నా తిరకాసు ఉండాదా?" అని అడిగినాడు. స్ప్రింగు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే నా గొప్ప పోతుందని మింగేసి, "ఏం లేదులేప్పా, బంగారట్లా పోతాది" అన్నాను. ఖాదర్ బూట్లు తొడిగి తోలే మనిషి. మరునాడు జమ్మలమడుగు స్టాండులో ఆపబోగా పెడలు లేవలేదు. బ్రేకు తొక్కినా బండి ఆగక ముందుకు దూకింది. గొర్రెలను దాటిస్తున్న యల్లయ్య కాలు గోడకూ బండికీ నడుమ నలిగిపోయింది. మోకాలి కిందికి తీసివేసినారు.

4. తమ ఇన్స్పెక్టరు గారు విచారణకు వచ్చి, నన్నే తోలి చూపమని పక్కన కూర్చొన్నారు. తోలితిని. బండి ఎక్కడా ఉరకలేదు. దిగినాక చూసుకొంటే నా బొటనవేలి మీద నూనె మసి ఉంది. అలవాటు కొద్దీ ఎన్నిసార్లు ఎత్తినానో నాకే తెలియదు. "బండిలో లోపం లేదు, డ్రైవరుదే అజాగ్రత్త" అని వారు రాసుకొంటుండగా, నేను గబగబా కాలు చెప్పులో దూర్చినాను. అప్పుడైనా నోరు తెరిచి ఉండవచ్చు. తెరవలేదు. ఇందులో వారి తప్పు ఏమియు లేదు.

5. ఖాదర్ లైసెన్సు రద్దయినది. పని లేక స్టాండులో కూర్చుంటాడు. నేను బండి దిగితే చాలు, "కాలు తీసినట్టే గుర్తు మామా. కానీ తీసింటే బండి ఎట్ల పోతాది? నేనే తొక్కింటా" అంటాడు. ఇదే మాట నాలుగు నెలలుగా.

కావున ఖాదర్ లైసెన్సు ఇప్పించి, బూట్లు తొడిగిన వారిచేత బండిని మరల తనిఖీ చేయించ ప్రార్థన. ఆ తనిఖీలో నన్ను మాత్రం తోలమనవద్దు. నా లైసెన్సు ఇందుతో జతపరచినాను. ఆ తనిఖీకి తప్ప, స్ప్రింగు మార్చేదాకా ఆ బండిని నేను కదిలించను, ఇంకొకరిని కదిలించనివ్వను. యల్లయ్యకు కాలు తెచ్చి ఇవ్వడం తమ వల్లా కాదు, నా వల్లా కాదు. ఈ తప్పును నా పేరనే వ్రాసుకొనవలెను.

తమ విధేయుడు, శిక్షకు అర్హుడు,
మునెయ్య.

తా.క.: దీనిని పోస్టు చేసేముందు ఖాదర్ ఇంటికి పోయి ఉన్నదంతా చెప్పినాను. "నన్ను ఊరడించేదానికి నీ మింద ఏసుకుంటాండావా మామా!" అని నా రెండు చేతులు పట్టుకొని ఏడ్చినాడు. అతని భార్య సకీనా నాకు టీ పెట్టి ఇచ్చింది. అయ్యా, తమ ఉత్తర్వు ఇంగ్లీషులో వస్తుంది. ఒక్క ముక్క మాత్రం తెలుగులో రాయించి, దాని మీద ముద్ర వేయించండి: "ఖాదర్ తొక్కలేదు." నేను చెబితే నమ్మడం లేదు.