ఒక్క డ్రైవ్‌లో అక్క

ఫిబ్రవరి 4, ఆదివారం
బావ వచ్చాడు. ఫోన్‌లో చోటు లేదట, ఏదీ ఓపెన్ కావట్లేదట. చూస్తే అక్క ఫోటోలు, వీడియోలు, మందుల చీటీలు, కరెంటు బిల్లులు, అన్నీ ఒకే కుప్ప. అక్క పోయి రెండేళ్లవుతోంది, ఒక్క కాపీ తీసిపెట్టుకోలేదు. మీకు బొత్తిగా జాగ్రత్త లేదు బావా, నేను దాచిపెడతాను అన్నాను. కొత్త ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తెచ్చాను. బావ ఫోన్‌లోవి, వాళ్ల పాత కెమెరా కార్డులోవి, నా ల్యాప్‌టాప్‌లోవి అన్నీ దాంట్లోకి. పదకొండు వేల ఫోటోలు, మూడు వందల వీడియోలు. ఏడాదికో ఫోల్డర్.

కాపీ అయ్యాక ఫోన్ ఖాళీ చేయబోతుంటే, ఇంకెక్కడైనా కూడా ఉంచితే మంచిదేమో బుజ్జీ అని బావ నసిగాడు. కొత్త డ్రైవ్‌కి ఏమవుతుంది అన్నాను. కార్డు కూడా ఫార్మాట్ చేసి ఇచ్చాను.

ఫిబ్రవరి 5
నా ల్యాప్‌టాప్‌లోవీ తీసేశాను, ఇప్పుడది పరుగెడుతోంది. ప్రాణం హాయిగా ఉంది.

ఫిబ్రవరి 17, ఉదయం 11
ఊడుస్తూ బల్ల జరిపాను. కేబుల్ కాలికి తగులుకుంది. డ్రైవ్ నడుస్తూ ఉండగానే కింద పడింది.

11.40
టిక్కు టిక్కుమంటోంది. ల్యాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టడం లేదు.

ఫిబ్రవరి 19
రికవరీ షాపాయన డ్రైవ్‌ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. లోపల డిస్కు గీసుకుపోయిందమ్మా, ప్రయత్నిస్తాను గానీ ఆశ పెట్టుకోకండి అన్నాడు. ఇంకో కాపీ ఎక్కడుంది అని అడిగాడు. ఇదే బ్యాకప్ అన్నాను. ఒక చోట తీసేసి ఇంకో చోట పెడితే బ్యాకప్ కాదమ్మా అన్నాడు. మెల్లగానే అన్నాడు. చెంప ఛెళ్లుమన్నట్టయింది.

ఫిబ్రవరి 25, ఆదివారం
బావ ఫోన్. పాప వాళ్లమ్మ గొంతు వినాలంటోందట. అక్క దానికి తల దువ్వుతూ కబుర్లు చెప్పే వీడియో పంపమన్నాడు. ఆఫీసులో ఉన్నాను, పంపుతానన్నాను. ఆదివారం పూట ఆఫీసు! ఆయనకు తట్టలేదో, తట్టినా ఊరుకున్నాడో.

ఫిబ్రవరి 28
మళ్లీ అడిగాడు. నెట్ స్లోగా ఉందన్నాను.

మార్చి 2
చుట్టాలందరికీ ఫోన్ చేశాను. పెళ్లి ఫోటోలు ఉన్నాయంటారు. అక్క మాట్లాడిన వీడియో ఎవరి దగ్గరా లేదు.

మార్చి 6
షాపాయనకు ఎనిమిది వందల ఫోటోలు దొరికాయట. వీడియో ఒక్కటీ రాలేదు.

మార్చి 9
వెళ్లి చెప్పేశాను. పాపను పక్కింటికి పంపి, వంటింట్లో నిలబడి. పడేసిన సంగతీ, ఆడిన అబద్ధాలూ. బావ స్టవ్ కట్టేశాడు. మళ్లీ వెలిగించాడు. ఆ వీడియో రోజూ పొద్దున్నే చూసుకునేవాణ్ణి బుజ్జీ, అందుకే ఫోన్ నిండిపోయినా ఒక్కటీ తీసెయ్యలేదు అన్నాడు. ఆ రోజు గట్టిగా వద్దనాల్సింది, మొహమాటపడ్డాను అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. జాగ్రత్త లేదని నేనన్నది ఈ మనిషిని.

మార్చి 17
అమ్మ ఎలా నవ్వేదని పాప అడిగింది. బావ నవ్వి చూపించాడు. అలా కాదన్నాను. నేను నవ్వి చూపించాను. అలా కాదన్నాడు.

పాప రెండూ నేర్చుకుంది.